వారానికి 25 గంటల ఏబీఏ, ఆర్నెల్ల ఫీజు ముందే కట్టమంటున్నారు. బాబేమో గేటు దగ్గరే ఏడుస్తున్నాడు. ఏం చేయమంటారు?

వర్తూరు_అమ్మ:

అందరికీ నమస్తే. మాది నెల్లూరు, ఉద్యోగాల కోసం వచ్చి బెంగళూరులోనే ఉండిపోయాం, ఇల్లు వర్తూరు దగ్గర. బాబుకి నాలుగేళ్ళు. మూడో ఏడు నిండకముందే ఆటిజం అని చెప్పారు. మాటలు కొన్ని ఉన్నాయి కానీ అవసరం వచ్చినప్పుడు నోట్లోంచి రావు. ఆకలేస్తే నా మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, నా చేతిని తలుపు మీద పెడతాడు, నా మొహం వైపు మాత్రం చూడడు, ఆ చెయ్యి నాది కాదు ఏదో గరిటె అన్నట్టు.

స్పీచ్ థెరపీ, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ, రోజువారీ పనులు నేర్పేది) ముందు నుంచీ నడుస్తున్నాయి. ఈమధ్య మా వైపే ఉన్న ఒక సెంటర్‌లో ఏబీఏ (అప్లైడ్ బిహేవియర్ అనాలిసిస్, పనుల్ని చిన్న ముక్కలుగా నేర్పి, చేసినప్పుడు మెచ్చుకోలో బహుమతో ఇచ్చే థెరపీ) కూడా మొదలుపెట్టాం, ట్రయల్ అని రోజూ కాసేపు. ఇప్పుడు వాళ్ళు వారానికి 25 గంటలు చేయిస్తేనే ఫలితం, ఆర్నెల్ల ఫీజు ముందే కట్టాలి, ఐదేళ్ళు దాటితే ఇక లాభం ఉండదు అంటున్నారు. ఆ మాట విన్నప్పటి నుంచి మా ఇద్దరికీ కంటి మీద కునుకు లేదు.

మార్పు లేదని అనను. కుర్చీలో కూర్చుంటున్నాడు, రంగులు చూపిస్తున్నాడు, అక్కడ "ఐ వాంట్ చిప్స్" అంటున్నాడట, వీడియో కూడా పంపారు. ఇంట్లో మాత్రం మళ్ళీ అదే ఫ్రిజ్, అదే చెయ్యి లాగడం. పైగా సెంటర్ వీధి మలుపు తిరగ్గానే ఏడుపు మొదలు, గేటు దగ్గర నా చున్నీ వదలడు. లోపలికి మమ్మల్ని రానివ్వరు, అమ్మ కనిపిస్తే మారాం చేస్తాడంటారు. ఇంట్లో అందరూ ఇంగ్లీషే మాట్లాడాలన్నారు, దాంతో ఇంగ్లీషు రాని మా అత్తమ్మ వాడితో మాట్లాడటమే మానేసి దూరంగా కూర్చుంటున్నారు. వాడికి పాటలు పాడి అన్నం తినిపించేది ఆవిడే.

మావారు కట్టేద్దాం అంటున్నారు. నెట్‌లో చూస్తే సగం మంది సైన్స్ ఒప్పుకున్నది ఏబీఏ ఒక్కటే అంటారు, మిగతా సగం మంది అది పిల్లల్ని సర్కస్ జంతువుల్లా తయారుచేయడం అంటారు. ఎవరి మాట నమ్మాలో అర్థం కావట్లేదు. ఈ దారిలో నడిచినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

చిత్తూరోడు:

అక్కా, ముందు ఆ "ఐదేళ్ళు దాటితే లాభం లేదు" అన్న మాటని మనసులోంచి తీసేయండి. చిన్నప్పుడే మొదలుపెడితే మంచిదే, కాదనను, కానీ ఐదో పుట్టినరోజు నాడు తలుపులేమీ మూసుకోవు. మావాడికిప్పుడు తొమ్మిదేళ్ళు, షర్టు బొత్తాలు పెట్టుకోవడం, బాత్రూమ్ అని చెప్పడం ఇవన్నీ ఏడు దాటాకే వచ్చాయి. భయపెట్టి ఫీజు కట్టించుకునేవాళ్ళు ట్యూషన్ల దగ్గర నుంచి అన్నిచోట్లా ఉన్నారు, ఇక్కడా ఉంటారు.

ఇక ఏబీఏ విషయం. నాకు అది పనికొచ్చింది, అయితే బల్ల ముందు కూర్చోబెట్టి రంగులు నేర్పినందుకు కాదు. మేముండేది మారతహళ్ళిలో తొమ్మిదో అంతస్తు. ఒక దశలో మావాడు లిఫ్ట్‌లో నేల మీద పడిపోయి తల బాదుకునేవాడు. ఒకరోజు బాగానే దిగేవాడు, ఇంకోరోజు గ్రౌండ్ ఫ్లోర్ వచ్చేసరికి చుట్టూ పదిమంది గుమిగూడేవాళ్ళు. మొండి అన్నారు, దిష్టి అన్నారు, మా ఆవిడ ఆ అరుపులకి మెట్లే ఎక్కి దిగేది. అప్పుడు మాకు దొరికిన మేడమ్ ఒక కాగితం ఇచ్చి మూడు గళ్ళు గీయమన్నారు. గొడవకి ముందు ఏం జరిగింది, వాడు ఏం చేశాడు, ఆ వెంటనే మీరు ఏం చేశారు. అంతే. కోపం వచ్చింది, మొండితనం చేశాడు లాంటివి రాయొద్దు, కంటికి కనిపించింది మాత్రమే రాయమన్నారు. కొన్నాళ్ళు ఓపిగ్గా రాస్తే తేలిందేమిటంటే, వేరేవాళ్ళు ముందే బటన్ నొక్కేసిన రోజునే వాడు పడిపోతున్నాడు. తను నొక్కిన రోజు ఏ గొడవా లేదు!

ఆ తర్వాత చేసింది సింపుల్. బటన్ నొక్కాలనుకుంటే నా చెయ్యి తట్టి "నేను" అనడం నేర్పించారు. మొదట ఖాళీ లిఫ్ట్‌లో, మధ్యాహ్నం పూట, నేనే వాడి చెయ్యి పట్టుకుని నా చేతికి తట్టించి, వెంటనే బటన్ నొక్కనిచ్చేవాణ్ణి. మెల్లగా పట్టుకోవడం తగ్గించాం. పక్క ఫ్లాట్ అంకుల్‌కి చెబితే ఆయన కూడా సాయం చేశారు, వాడు "నేను" అనేదాకా బటన్ జోలికి పోకుండా ఆగేవారు. అది కుదిరాక "ఈసారి అంకుల్, తర్వాత నువ్వు" అని ఒక్క క్షణం ఆగడం, తర్వాత ఇంకాస్త ఎక్కువ ఆగడం. తల బాదుకోవడం ఎవరూ తిట్టి మాన్పించలేదు, ఆ పని చేయకుండానే తనకి కావలసింది దొరుకుతోంది కాబట్టి దాని అవసరం పోయింది. ఇదంతా తెలుగులోనే జరిగింది, మేడమ్ కన్నడావిడ అయినా.

అందుకే ఆ సెంటర్ వాళ్ళని ఒకటే అడగండి, ఫ్రిజ్ సంగతి ఏం చేస్తారు అని. ఇంట్లో రోజూ వచ్చే ఇబ్బంది వాళ్ళ ప్లాన్‌లో లేకపోతే 25 గంటలు ఏం చేస్తున్నట్టు?

సుత్తి_లేకుండా:

తల్లిదండ్రుల్ని లోపలికి రానివ్వని చోట నాలుగేళ్ళ పిల్లాణ్ణి, అదీ జరిగింది చెప్పలేని పిల్లాణ్ణి, ఎలా వదులుతున్నారండీ? ఏబీఏ మంచిదా కాదా అన్నది తర్వాత సంగతి. అద్దంలోంచో సీసీటీవీలోంచో మొత్తం సెషన్ చూపించమనండి. వాళ్ళు కోసి పంపే వీడియో ముక్కలు కాదు. ఒప్పుకోకపోతే ఇంకోచోటు చూసుకోండి. నాకైతే ఇందులో రెండో ఆలోచన లేదు.

బిహేవియర్_టీచర్:

నేను ఈ పనిలోనే చాలా ఏళ్ళుగా ఉన్నాను, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్ వైపు. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

ముందు ఈ గంటల లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. 1987లో అమెరికాలో లోవాస్ అనే సైకాలజిస్ట్ ఒక అధ్యయనం ప్రచురించాడు. 19 మంది చిన్నపిల్లలకి వారానికి 40 గంటల చొప్పున రెండేళ్ళకు పైగా చేస్తే అందులో 9 మంది మామూలు బడిలో మామూలుగా చదువుకునే స్థితికి వచ్చారని రాశాడు. ఈ రంగం పెద్దదైంది ఆ పేపర్‌తోనే. కానీ ఎవరికి 40 గంటలు, ఎవరు పోల్చి చూసే గ్రూపులో అన్నది అక్కడ చీటీలు తీసి నిర్ణయించలేదు, థెరపిస్టులు దొరికేదాన్ని బట్టి పంచారు, అందుకే ఆ ఫలితాన్ని పూర్తిగా నమ్మలేం. పైగా ఆ రోజుల్లో తప్పు చేస్తే గట్టిగా "నో" అని అరవడం, తొడ మీద కొట్టడం కూడా ఆ పద్ధతిలో భాగం. ఇవాళ ఆ పని చేసేవాళ్ళ దగ్గర క్షణం కూడా ఉండకండి. ఇక గంటల గురించి 2024లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో ఒక విశ్లేషణ వచ్చింది, 144 అధ్యయనాలు, 9 వేల మందికి పైగా పిల్లలు. గంటలు పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందనడానికి అందులో ఆధారం దొరకలేదు. కాబట్టి 25 అన్నది శాస్త్రం గీసిన గీత కాదు. కొందరు పిల్లలకి ఎక్కువ సాయం అవసరం అవుతుంది, నిజమే, కానీ ఎందుకు అన్ని గంటలో మీ బాబు పేరుతో రాసిన కాగితం మీద చూపించగలగాలి.

వారానికి 25 గంటలంటే నాలుగేళ్ళవాడికి మనం పెట్టే ఉద్యోగం. దాని మీద స్పీచ్, ఓటీ, వర్తూరు రోడ్డు మీద ట్రాఫిక్. ఇక వాడు నిద్రపోయేదెప్పుడు, ఊరికే ఆడుకునేదెప్పుడు?

రెండోది. "ఐ వాంట్ చిప్స్" సెంటర్‌లో వచ్చి ఇంట్లో రాకపోవడం బాబు తప్పు కాదు, మీ తప్పు అసలే కాదు. ఒక గదిలో, ఒక మనిషితో, ఒక భాషలో నేర్చుకున్నది వేరే చోటికి దానంతటది రాదు. అలా వచ్చేట్టు చేయడం కూడా థెరపిస్ట్ పనే. ఇంట్లో చేయాల్సింది ఇది: ఫ్రిజ్ తలుపుకి పెరుగు, అరటిపండు, నీళ్ళ బొమ్మలు అతికించండి. వాడు మీ చెయ్యి లాగినప్పుడు, వెనక నిలబడినవాళ్ళు వాడి వేలు పట్టి బొమ్మని తాకించాలి, మీరు "పెరుగు" అని చెప్పి వెంటనే పెరుగు ఇవ్వాలి. "చెప్పు, చెప్పు, చెప్తేనే ఇస్తా" అని సతాయించకండి. వెనక నిలబడేది మీ అత్తమ్మ అయితే ఇంకా మంచిది. బొమ్మలు వాడితే మాటలు రావని కొందరు భయపెడతారు, అలా జరుగుతుందని పరిశోధనలు చెప్పట్లేదు. బొమ్మలతో పని చేసే యాప్‌లు కూడా ఉన్నాయి, ఆవాజ్ అనేది చెన్నైలో తయారైందే.

భాష సంగతి. ఆటిజం ఉన్న పిల్లలకి రెండు భాషలు వినబడితే మాట ఆలస్యమవుతుందని ఇప్పటిదాకా జరిగిన అధ్యయనాల్లో తేలలేదు. అత్తమ్మగారిని ఈ పూట నుంచే మళ్ళీ పాటలు పాడమనండి. అన్నం దగ్గర వచ్చే పాటలో చివరి మాట ఆవిడ ఆపి, వాడి వైపు చూస్తూ కాసేపు ఎదురుచూస్తే, ఆ ఖాళీలో వాడు ఏదో ఒక శబ్దం చేస్తాడేమో గమనించండి. మేము ఫీజు తీసుకుని చేసేది కూడా చాలాసార్లు ఇదే, నవ్వకండి. తల్లిదండ్రులకి నేర్పించి వాళ్ళచేతే చేయించే పద్ధతులకి మన దగ్గరే పరీక్ష జరిగింది, గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ, 2016లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వచ్చింది, మామూలు హెల్త్ వర్కర్లే ఇళ్ళకి వెళ్ళి నేర్పారు. అది ఏబీఏ కాదు, తల్లీబిడ్డల ఆటని వీడియో తీసి దాన్ని చూస్తూ నేర్పే పద్ధతి. తల్లిదండ్రులు పిల్లలతో మెలిగే తీరులో, పిల్లలు తమంతట తాము పలకరించడంలో మార్పు కనబడింది.

మూడోది, ఎవరు చేస్తున్నారు అన్నది. ఏబీఏ చేసేవాళ్ళకిచ్చే బీసీబీఏ అనే అమెరికా సర్టిఫికెట్ పేరు మీరు వినే ఉంటారు. ఆ బోర్డు మన దేశంలో ఉండేవాళ్ళ నుంచి కొత్త దరఖాస్తులు తీసుకోవడం 2023 నుంచి ఆపేసింది. అంతకుముందు తెచ్చుకున్నవాళ్ళు ఉన్నారు, వేరే అంతర్జాతీయ సంస్థల సర్టిఫికెట్లు ఉన్నవాళ్ళూ ఉన్నారు, చిన్న ఆన్‌లైన్ కోర్సు చేసి బోర్డు పెట్టినవాళ్ళూ ఉన్నారు. స్పెషల్ ఎడ్యుకేటర్, స్పీచ్ థెరపిస్ట్, క్లినికల్ సైకాలజిస్ట్ అయితే ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ ఉండి తీరాలి, అడిగితే చూపించాలి. ప్లాన్ రాసేది ఎవరు, బాబుతో కూర్చునేది ఎవరు, రాసినావిడ బాబుని ఎన్నాళ్ళకోసారి కళ్ళారా చూస్తుంది, ఈ మూడూ తప్పకుండా అడగండి.

ఇక గేటు దగ్గర ఏడుపు. కొత్త చోటు కాబట్టి మొదట్లో ఏడవడం వేరు. రోజులు గడిచేకొద్దీ ఏడుపు వీధి మలుపు దాకా ముందుకొచ్చిందంటే లోపల ఏదో వాడికి నచ్చట్లేదు. మా లెక్కలో అది కూడా డేటానే. పని తప్పించుకోవడానికి ఏడుస్తున్నాడు, పట్టించుకోకుండా పని పూర్తి చేయించాలి అనే పాత పద్ధతి ఇంకా చాలాచోట్ల ఉంది. నేను చేయను. ముందు "వద్దు", "చాలు" నేర్పిస్తాను, చెయ్యి అడ్డంగా ఊపినా సరే, కార్డు చూపించినా సరే. అన్న వెంటనే ఆపేస్తాను. ఇలా చేస్తే ఎప్పుడూ వద్దే అంటాడేమో అని తల్లిదండ్రులకి టెన్షన్. మొదట్లో అంటాడు కూడా. తన మాటకి విలువ ఉందని తెలిశాక తిరిగి వచ్చి కూర్చునేవాళ్ళనే నేను ఎక్కువగా చూశాను.

హెడ్‌ఫోన్స్_ఆన్:

నేను ఆటిస్టిక్. ముప్పై దాటాక తెలిసింది. ఊరు అనంతపురం, ఇక్కడ వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. పైన టీచర్‌గారు రాసినదాంట్లో చాలావరకు ఒప్పుకుంటాను, కానీ మీ రంగం మీద మావాళ్ళకి కోపం ఊరికే రాలేదండీ. చేతులు ఊపొద్దు, కళ్ళలోకి చూడు, గుండ్రంగా తిరగొద్దు, ఇవి గోల్స్‌గా పెట్టి చాక్లెట్లు ఇచ్చి మాన్పించినవాళ్ళు ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. నాకు ఏబీఏ ఎవరూ చేయలేదు, హాస్టల్లో ఆ పని వార్డెనే చేశాడు. మాట్లాడేటప్పుడు కళ్ళలోకి చూడాలని నేర్చుకున్నాను. ఇప్పటికీ మీటింగ్‌లో మేనేజర్ కళ్ళలోకి చూస్తుంటే ఆయన ఏం చెప్పాడో నాకు గుర్తుండదు, కిందకి చూస్తూ వింటే ప్రతి మాటా గుర్తుంటుంది. బయటికి మాత్రం మొదటిదే "ఇంప్రూవ్‌మెంట్" లా కనిపిస్తుంది.

అందుకని మేడమ్, ఆ సెంటర్ వాళ్ళ గోల్స్ లిస్ట్ అడిగి తీసుకోండి. ఒక్కో గోల్ పక్కన ఇది ఎవరి కోసం అని రాసుకోండి. బాత్రూమ్ అని చెప్పగలగడం బాబు కోసం. రోడ్డు మీద చెయ్యి వదలకుండా ఉండటం బాబు కోసం. "నొప్పి" అని చెప్పి ఎక్కడో చూపించడం కూడా, ఇది మాత్రం లిస్ట్‌లో లేకపోతే మీరే రాయించండి. చేతులు ఊపకుండా కూర్చోవడం ఎవరి కోసం? పక్కవాళ్ళు చూస్తారని మన కోసం. తనని తాను కొరుక్కుంటే, కొట్టుకుంటే అది వేరు, అక్కడ సాయం కావాలి, కానీ ముందు పన్ను నొప్పో చెవిపోటో కడుపునొప్పో డాక్టర్‌కి చూపించాకే బిహేవియర్ అనాలి.

ఇంకోటి. గదిలో ట్యూబ్‌లైట్ గుయ్యిమంటోందా, పక్క గదిలో ఇంకో పిల్లాడు ఏడుస్తున్నాడా, ఫ్లోర్ క్లీనర్ వాసన ఎలా ఉంది, ఇవి మీరు వెళ్ళి ఒక గంట కూర్చుంటే గానీ తెలియవు. నేనైతే ఆ క్లీనర్ వాసనకే గేటు దగ్గర ఆగిపోయేవాణ్ణి.

వర్తూరు_అమ్మ:

అందరికీ చాలా థ్యాంక్స్, మీ రిప్లైలు మావారికి కూడా చదివి వినిపించాను. ఇవాళ సెంటర్‌కి ఫోన్ చేసి గోల్స్ లిస్ట్ అడిగాను. పంపారు. మొదటి గోల్ కళ్ళలోకి చూడటం, రెండోది చేతులు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోవడం. ఫ్రిజ్ ఊసే లేదు, నొప్పి ఊసు లేదు. ప్లాన్ రాసినావిడ వేరే ఊళ్ళో ఉంటారట, ఆన్‌లైన్‌లో చూస్తారట. సెషన్ చూడటానికి వస్తానంటే మేనేజర్‌ని అడిగి చెప్తామన్నారు. అత్తమ్మకి మాత్రం భాష సంగతి చెప్పేశాను, ఆవిడ నన్ను రెండు తిట్లు తిట్టి వాణ్ణి ఎత్తుకుని వంటింట్లోకి వెళ్ళిపోయారు.

ఒక డౌట్. బొమ్మ తాకగానే పెరుగు ఇవ్వడం, చెప్పింది చేస్తే చిప్స్ ఇవ్వడం, ఇది లంచం కాదా? మావారు ఇదే అడుగుతున్నారు.

బిహేవియర్_టీచర్:

పెరుగు అడిగితే పెరుగు ఇవ్వడం లంచం ఎలా అవుతుందండీ, హోటల్లో ఇడ్లీ అడిగితే ఇడ్లీ తెస్తారు కదా! అది వాడి మాటకి జవాబు. చిప్స్ విషయంలో మాత్రం మీవారి అనుమానం సరైనదే. రంగు చూపించినందుకు చిప్స్ ఇస్తే ఆ రెండింటికీ ఏ సంబంధం లేదు, కొన్నాళ్ళకి చిప్స్ ఆపితే రంగులూ ఆగుతాయి. గొడవ మొదలయ్యాక ఆపడానికి ఇస్తే అది లంచమే, దాంతో గొడవే పెరుగుతుంది. ఇంకో మాట, తినేవాటిని వాడాలని పొద్దుటి నుంచి ఆకలితో ఉంచమని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఆ గోల్స్ లిస్ట్ చూశాక నా సలహా అయితే డబ్బు కట్టొద్దు. ఒక్కసారి బెంగళూరులోనే ఉన్న నిమ్హాన్స్ ఆసుపత్రి చైల్డ్ సైకియాట్రీ ఓపీకి తీసుకెళ్ళి వేరే అభిప్రాయం తీసుకోండి. మాటల కోసం అయితే మైసూరులో ఐష్ ఉంది, ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్, కేంద్ర ప్రభుత్వానిది. రెండు చోట్లా జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్ళాలి.

చిత్తూరోడు:

డబ్బు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్తాను, చాలామంది వదిలేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం ఉంది, బాబుకి యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రిలో ఐసా అనే 40 అంశాల స్కేలుతో చూసి సర్టిఫికెట్ ఇస్తారు, సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిన స్కేలు అది. ముద్ర పడుతుందని మా నాన్న ఒప్పుకోలేదు, మేం అయినా చేయించాం. ఆ సర్టిఫికెట్ ఉంటే కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ళ నిరామయ ఆరోగ్య ఇన్సూరెన్స్‌కి అప్లై చేయొచ్చు, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ బిల్లులకి కూడా అందులో కొంత భాగం ఉంటుంది. ఆదాయపు పన్ను పాత విధానంలో కడుతుంటే 75,000 మినహాయింపు వస్తుంది, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000.

ఫీజు ఎక్కడ కట్టినా నెలనెలా కట్టండి, మధ్యలో మానేస్తే ఎంత వెనక్కి ఇస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. మేనేజర్ ఏం చెప్పాడో ఇక్కడ రాయండి, ఆ వైపు వేరే సెంటర్ వెతుకుతున్నవాళ్ళు ఇంకో ఇద్దరు నాకు తెలుసు.